ఖైదీల కథల తొలి ముద్రణలు సేకరించాలంటే

ప్రశ్న: మాది తెనాలి. చాలా ఏళ్లుగా మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాం. పోయిన సెలవుల్లో పిల్లలతో టాస్మానియా వెళ్లి పోర్ట్ ఆర్థర్ జైలు శిథిలాలు చూసి వచ్చాక, బ్రిటిష్ వలసలకు శిక్షమీద పంపిన ఖైదీలు రాసిన పాత పుస్తకాల మీద మనసు పడింది. ఈమధ్య ఒక పాత పుస్తకాల దుకాణంలో 'ఫర్ ద టర్మ్ ఆఫ్ హిజ్ నాచురల్ లైఫ్' కొన్నాను. తొలి ముద్రణ కావచ్చని అమ్మినాయన అన్నారు. లోపల సంవత్సరం లేదు. లండన్, మాక్‌మిలన్ అని మాత్రం ఉంది. ఇది నిజంగా తొలి ముద్రణేనా? ఇలాంటి అరుదైన ప్రతులు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మావారు దీన్ని పెట్టుబడి అనుకుంటే డబ్బు పెడదాం అంటున్నారు. మన దేశంలో ఇలాంటి పుస్తకాలు లేవా? రేపు మేం తెనాలి తిరిగి వెళితే వీటిని వెంట తీసుకువెళ్లవచ్చా? - ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

సమాధానం: అమ్మా, మీ దగ్గరున్నది తొలి ముద్రణ కాదు. అమ్మినాయన తెలిసి అన్నారో తెలియక అన్నారో గాని, ఆ పుస్తకం పేరే ఆయన మాటను కాదంటోంది. మార్కస్ క్లార్క్ ఈ నవలను మెల్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియన్ జర్నల్ పత్రికలో 1870 నుంచి 1872 దాకా ధారావాహికగా రాశాడు. 1874లో అక్కడే జార్జ్ రాబర్ట్‌సన్ దాన్ని ఒకే సంపుటంగా అచ్చువేశాడు. తొలి ముద్రణ అంటే అది. దాని మీద పేరు 'హిజ్ నాచురల్ లైఫ్' అనే ఉంటుంది. మరుసటి ఏడాది లండన్‌లో బెంట్లీ సంస్థ మూడు సంపుటాలుగా తెచ్చినప్పుడూ అదే పేరు. మీ ప్రతి మీదున్న పొడవాటి పేరు 1881లో క్లార్క్ చనిపోయాక స్థిరపడింది. పైగా బెంట్లీ సంస్థను మాక్‌మిలన్ కొన్నది 1898లో. కాబట్టి మీ పుస్తకం ఆ తర్వాతి కాలానిదని అనుకోవచ్చు. మంచి నవల, దాచుకోండి, చదువుకోండి. తొలి ముద్రణ ధర పెట్టి ఉంటే మాత్రం ఆ దుకాణానికి వెళ్లి మర్యాదగానే ఈ సంగతులు చెప్పి డబ్బు తిరిగి అడగండి. నిజాయితీగల వ్యాపారి అయితే నీళ్లు నమలడు.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. క్లార్క్ ఖైదీ కాడు. 1863లో పదహారు పదిహేడేళ్ల వయసులో స్వేచ్ఛగా ఓడెక్కి వచ్చిన కుర్రవాడు, ఆ తర్వాత పత్రికా రచయిత. పోర్ట్ ఆర్థర్ చూసి, పాత దస్తావేజులు తిరగేసి కథ అల్లాడు. మీరు ఖైదీలు రాసినవి కావాలంటున్నారు. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివారికీ నేను చెప్పే మొదటి మాట ఇదే: ఇది ఎన్నో ముద్రణ అని అడిగే ముందు, ఇది ఎవరి మాట అని అడగండి. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి, ఇతర వలసల నుంచి దాదాపు 1,62,000 మందిని ద్వీపాంతర శిక్ష మీద ఆస్ట్రేలియాకు తరలించారు. వాళ్లలో సొంతంగా కలం పట్టి, ఆ రాత అచ్చులో చూసుకున్నవాళ్లు బహు కొద్దిమంది. కొందరు చెబుతూ పోతే వేరొకరు రాశారు. కొందరి పేరు వాడుకుని లండన్ ప్రచురణకర్తలు సొమ్ము చేసుకున్నారు. ఈ తేడా తెలియకుండా కొన్న అలమరా నిండా పుస్తకాలున్నా, అందులో ఒక్క ఖైదీ గొంతు కూడా లేకపోవచ్చు.

దీనికి అందరికన్నా గట్టి ఉదాహరణ జార్జ్ బారింగ్టన్. ఐర్లండ్‌లో పుట్టిన ఈ జేబుదొంగ పెద్దమనిషి వేషంలో నాటకశాలలకు వెళ్లి చేతివాటం చూపేవాడు. 1775లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాలలో రష్యా ప్రభువు ఓర్లోవ్ దగ్గర వజ్రాలు పొదిగిన పొడుం డబ్బా కొట్టేయబోయి పట్టుబడ్డాడు. పత్రికలకు అతనంటే పండగ. చివరకు 1790లో ఒక బంగారు గడియారం దొంగతనం కేసులో ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది. మరుసటి ఏడాది న్యూ సౌత్ వేల్స్ చేరాడు. అక్కడ బుద్ధిమంతుడయ్యాడు, పరమట్టాలో పోలీసు అధికారి హోదా దాకా ఎదిగాడు, 1804లో చనిపోయాడు. ఈలోగా లండన్‌లో అతని పేరుతో పుస్తకాలు పుట్టుకొచ్చాయి. 1795లో సైమండ్స్ అనే ప్రచురణకర్త 'న్యూ సౌత్ వేల్స్ యాత్ర' వేశాడు. 1802లో రంగుల బొమ్మలతో 'న్యూ సౌత్ వేల్స్ చరిత్ర' వచ్చింది. ఫ్రెంచి సహా ఇతర భాషల్లోకీ పాకాయి. వీటిలో బారింగ్టన్ రాసినట్టు ఆధారమున్న వాక్యం ఒక్కటీ లేదు. అధికారుల యాత్రా గ్రంథాల నుంచి, ముఖ్యంగా కెప్టెన్ హంటర్ పుస్తకం నుంచి పేరాలకు పేరాలు ఎత్తి, మధ్యలో కాస్త కల్పన కలిపి, దొంగ పేరు తగిలించారు.

అయితే కొనవద్దా? కొనవచ్చు, తెలిసి కొనండి. ఆనాటి లండన్ పాఠకుడు బోటనీ బే (సిడ్నీ దగ్గరి తీరం, ఖైదీల వలసనే అప్పట్లో అలా పిలిచేవారు) గురించి ఏం నమ్మాలనుకున్నాడో తెలుసుకోవడానికి ఈ నకిలీలంత మంచి సాక్ష్యం లేదు. నేనైతే వీటిని విడిగా ఒక అరలో పెడతాను. ఖైదీ ఆత్మకథ అన్న మాటతో అమ్మజూపితే మాత్రం ఆ అమ్మకందారు దగ్గర ఇంకే పుస్తకమూ కొనను.

దీనికి పూర్తి ఎదురు కొసన జేమ్స్ హార్డీ వో ఉన్నాడు. మూడుసార్లు శిక్షపడి, మూడుసార్లూ న్యూ సౌత్ వేల్స్‌కే వచ్చిన మొండి ఘటం. న్యూకాసిల్‌లో బొగ్గు గనుల దగ్గర కఠిన శిక్ష అనుభవిస్తున్న రోజుల్లో, 1812లో, దొంగల పరిభాషకు ఒక నిఘంటువు తయారుచేసి అక్కడి అధికారికి అంకితమిచ్చాడు. ఆస్ట్రేలియాలో తయారైన మొదటి నిఘంటువుగా దాన్ని చెబుతారు. తర్వాత ఆత్మకథ రాశాడు. సిడ్నీ సుప్రీంకోర్టు జడ్జి బారన్ ఫీల్డ్ చొరవతో ఆ రాతప్రతి లండన్ చేరి, 1819లో క్లోస్ ముద్రణాలయంలో రెండు సంపుటాలుగా అచ్చయింది. నిఘంటువు రెండో సంపుటం చివర ఉంటుంది. ఇక్కడ జాగ్రత్తపడాలి. 1827లో ఇదే ఆత్మకథ ఒక స్వీయచరిత్రల మాలికలో భాగంగా ఒకే సంపుటంగా వచ్చింది. రెండు సంపుటాలు లేకపోతే అది 1819 నాటిది కాదు. రెండూ ఉన్నా నిఘంటువు పుటలు చివరిదాకా ఉన్నాయో లేదో లెక్కపెట్టి చూసుకోవాలి. ఈ మొత్తం సాహిత్యంలో ఒకే ఒక్క పుస్తకం సొంతం చేసుకోమంటే నేను కోరుకునేది వో ఆత్మకథనే. అతను అబద్ధాలకోరు, తన గొప్ప తాను చెప్పుకుంటాడు, అయినా ప్రతి వాక్యంలోనూ మనిషి కనిపిస్తాడు.

థామస్ వాట్లింగ్ సంగతి కూడా తెలుసుకోండి. స్కాట్లండ్‌లోని డంఫ్రీస్ చిత్రకారుడు, దొంగ నోట్లు తయారుచేసిన నేరం మీద 1792లో సిడ్నీ చేరాడు. తనను పెంచిన మేనత్తకు రాసిన ఉత్తరాలు 1794 ప్రాంతంలో పెన్‌రిత్ అనే చిన్న ఇంగ్లిష్ ఊళ్లో పలచని పుస్తకంగా అచ్చయ్యాయి. అతను గీసిన సిడ్నీ చిత్రాలు, పక్షుల బొమ్మలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పుస్తకం తొలి ప్రతి బయటికి వచ్చే అవకాశం లేదనే అనుకోండి. పునర్ముద్రణ చదవండి చాలు.

టాస్మానియా చూసి వచ్చారు కాబట్టి దాని ముఖ్యపట్టణం హోబార్ట్‌లో అచ్చయిన పుస్తకాల గురించి కాస్త ఎక్కువ చెబుతాను. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన మూల అది. అప్పుడు టాస్మానియాను వాన్ డీమెన్స్ ల్యాండ్ అనేవారు. అక్కడ మొదట్లో అచ్చు యంత్రం నడిపినవాళ్లలో ముఖ్యుడు ఆండ్రూ బెంట్. అతనూ 1812లో ఖైదీగా దిగినవాడే. 1818లో అతను 'మైకేల్ హౌ' అనే చిన్న పుస్తకం అచ్చువేశాడు. హౌ అప్పట్లో అడవుల్లో తిరిగిన బందిపోటు ఖైదీ, ఆ ఏడాదే అతన్ని చంపేశారు. పుస్తకం రాసిన థామస్ వెల్స్ కూడా ఖైదీగా వచ్చి గవర్నరు కార్యాలయంలో గుమాస్తా అయినవాడు. అంటే ఖైదీ గురించి ఖైదీ రాయగా ఖైదీ అచ్చువేసిన పుస్తకం. ప్రభుత్వ ఉత్తర్వులూ పంచాంగాలూ పక్కన పెడితే, ఆస్ట్రేలియాలో అచ్చయిన మొదటి సాహిత్య గ్రంథంగా దీన్ని లెక్కిస్తారు. ఇప్పుడు మిగిలిన ప్రతులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మీకైనా నాకైనా అది గ్రంథాలయంలో చూడదగ్గదే తప్ప కొనదగ్గది కాదు.

హెన్రీ సేవరీ కథ ఇంకా బరువైనది. బ్రిస్టల్ వ్యాపార కుటుంబం వాడు, ఫోర్జరీ నేరానికి శిక్షపడి 1825 చివర్లో హోబార్ట్ చేరాడు. ఖైదీలు పత్రికలకు రాయకూడదని ఆంక్ష. అందుకని మారుపేరుతో ఊరి పెద్దలను వేళాకోళం చేస్తూ బెంట్ పత్రికలో వ్యాసాలు రాశాడు. అవి పుస్తకంగా కూడా వచ్చాయి. దావా వేయాలనుకున్న పెద్దమనిషికి రచయిత ఎవరో తెలియదు, పరువునష్టం కేసు అచ్చువేసిన బెంట్ మెడకు చుట్టుకుంది. తర్వాత సేవరీ తన జీవితాన్నే కాస్త మార్చి 'క్వింటస్ సర్వింటన్' అనే మూడు సంపుటాల నవల రాశాడు. 1830-31లో హెన్రీ మెల్విల్ హోబార్ట్‌లో అచ్చువేశాడు. ముఖపత్రం మీద రచయిత పేరు ఉండదు. నిజంగా జరిగిన సంఘటనల ఆధారంగా రాసిన కథ అని మాత్రం ఉంటుంది. ఆస్ట్రేలియాలో అచ్చయిన మొదటి నవల అది. సేవరీ మళ్లీ ఫోర్జరీ చేసి పట్టుబడి, 1842లో పోర్ట్ ఆర్థర్‌లోనే చనిపోయాడు. మీరు పడవలో నుంచి చూసిన చిన్న దీవి, చనిపోయినవాళ్లను పూడ్చిన ఐల్ ఆఫ్ ద డెడ్, అక్కడే అతని స్మారక శిల ఉంది.

ఇవన్నీ అందని పండ్లు అనుకుని నిరుత్సాహపడకండి. మీలాంటి వారు మొదలుపెట్టడానికి నేను సూచించేది మార్టిన్ క్యాష్. ఐరిష్ ఖైదీ, 1842లో ఇద్దరు తోడుదొంగలతో కలిసి పోర్ట్ ఆర్థర్ నుంచి పారిపోయాడు. పోర్ట్ ఆర్థర్ ఉన్న ద్వీపకల్పాన్ని బయటి నేలతో కలిపే ఈగిల్‌హాక్ నెక్ అనే సన్నని ఇసుక మెడకు అడ్డంగా కుక్కలను వరుసగా గొలుసులతో కట్టి కాపలా పెట్టేవారు. వీళ్లు నీళ్లలో దిగి, బట్టలు తలమీద పెట్టుకుని ఈదారు. బట్టలు అలల్లో కొట్టుకుపోయాయి. దిసమొలతో అవతలి ఒడ్డు చేరారు. ఈ ఆత్మకథ 1870లో హోబార్ట్‌లో అచ్చయింది. క్యాష్ చెప్పగా రాసింది జేమ్స్ లెస్టర్ బర్క్, అతనూ ఒకనాటి ఖైదీయే. ఎంత క్యాష్ మాట, ఎంత బర్క్ మెరుగు అన్నది చదువుతూ మీరే తూచుకోవాలి. 1870 ప్రతి ఖరీదైనదే గాని, హోబార్ట్‌లో తర్వాత పలుమార్లు అచ్చయిన ప్రతులు దొరుకుతూనే ఉంటాయి. తొలి ముద్రణ కాకపోయినా ఆ ఊరి అచ్చే, ఆ ఊళ్లో జనం చేతులు మారిన పుస్తకమే. ముందు అలాంటిది ఒకటి కొని పట్టి చూడండి.

రాజకీయ ఖైదీల పుస్తకాలు ఇంకొక మార్గం, నా దృష్టిలో చాలా విలువైనది. 1834లో ఇంగ్లండ్‌లోని టోల్‌పడిల్ గ్రామంలో కూలి తగ్గించవద్దని సంఘం పెట్టుకున్నందుకు ఆరుగురు వ్యవసాయ కూలీలకు ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేశారు. వాళ్ల నాయకుడు జార్జ్ లవ్‌లెస్ వాన్ డీమెన్స్ ల్యాండ్ నుంచి క్షమాభిక్ష మీద తిరిగివచ్చి, 1837లో 'ద విక్టిమ్స్ ఆఫ్ విగరీ' అనే కరపత్రం రాశాడు. అది చేతినుంచి చేతికి తిరిగిన చౌక పుస్తకం, అందుకే చాలా ప్రతులు చిరిగిపోయాయి. ఇక 1838 నాటి కెనడా తిరుగుబాట్లలో పట్టుబడిన అమెరికన్లను, వాళ్లతో కలిసిన కొందరు కెనడావాళ్లను కూడా టాస్మానియాకే పంపారు. వాళ్లు అమెరికా చేరాక రాసిన పుస్తకాలు బఫలో, ఫ్రెడోనియా లాంటి అమెరికా ఊళ్లలో అచ్చయ్యాయి. బెంజమిన్ వెయిట్ ఉత్తరాలు 1843లో, లైనస్ మిల్లర్ పుస్తకం 1846లో వచ్చాయి. ఆస్ట్రేలియా వేలంపాటల మీదే కన్నేసి కూర్చుంటే ఇవి తప్పిపోతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఉంటే న్యూయార్క్ రాష్ట్రంలోని పాత పుస్తకాల దుకాణాల మీద ఒక చూపు వేయమనండి.

ఆడవాళ్ల సంగతి అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. శిక్షపడి వెళ్లినవాళ్లలో సుమారు 25,000 మంది స్త్రీలు. వాళ్ల చేతిరాత మనకు చేరింది ఎక్కువగా ఉత్తరాల్లో, అర్జీల్లోనే. 1801లో సిడ్నీ చేరిన మార్గరెట్ క్యాచ్‌పోల్ అనే పనిమనిషి, తన పాత యజమానురాలికీ బంధువులకూ రాసిన ఉత్తరాల్లో హాక్స్‌బరీ నది వరదల గురించి కళ్లకు కట్టినట్టు చెప్పింది. ఆ యజమానురాలి కొడుకు రిచర్డ్ కాబల్డ్ 1845లో ఆమె జీవితమంటూ ఒక నవల అచ్చువేశాడు. నిజజీవితంలో పెళ్లిచేసుకోని మనిషికి అందులో పెళ్లిచేసి పిల్లల్ని కూడా ఇచ్చాడు. కాబల్డ్ పుస్తకం తొలి ముద్రణ దొరికితే కొనండి, కానీ దాని పక్కనే ఆ ఉత్తరాల ప్రతిని కూడా పెట్టుకోండి.

తొలి ముద్రణ అంటే ఎప్పుడూ తోలు అట్ట, పసుపు కాగితం అనుకోనక్కరలేదు. 1791 మార్చిలో సిడ్నీ నుంచి గవర్నరు పడవ ఎత్తుకుని పదకొండుమంది పారిపోయారు. వాళ్లలో మేరీ బ్రయంట్, ఆమె భర్త, ఇద్దరు పసిబిడ్డలు ఉన్నారు. దాదాపు 5,000 కిలోమీటర్లు సముద్రంమీద పోయి తిమోర్ దీవిలోని కూపాంగ్ చేరారు. వాళ్లలో ఒకడైన జేమ్స్ మార్టిన్ చెప్పిన కథ రాతప్రతిగా, తత్త్వవేత్త జెరెమీ బెంతమ్ కాగితాల్లో, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఉండిపోయింది. 1788లో ఖైదీలను తెచ్చిన మొదటి ఓడల బృందంలో వచ్చిన ఖైదీ స్వయంగా చెప్పిన వృత్తాంతం అదొక్కటే. అది పుస్తకంగా మొదట వచ్చింది 1937లో. 2017లో ఆ విశ్వవిద్యాలయమే రాతప్రతి చిత్రాలతో సహా ఉచితంగా అందరికీ ఇచ్చింది. ఈ రాత్రే చదవండి. ఒక ఖైదీ రాసినట్టు చెప్పే నవల 'రాల్ఫ్ ర్యాష్‌లీ' సంగతి కూడా అలాంటిదే. 1929 నాటి తొలి ముద్రణలో అసలు రాతను సంపాదకులు తిరగరాశారు. రాతప్రతిలో ఉన్నదున్నట్టు అచ్చయింది 1952లో. నేనైతే 1952 ప్రతినే కొంటాను.

ఇక పుస్తకాన్ని ఎలా పరీక్షించాలో చెబుతాను. ఫెర్గూసన్ సంఖ్య ఏమిటని మొదట అడగండి. జడ్జి జాన్ అలెగ్జాండర్ ఫెర్గూసన్ 1941 నుంచి 1969 దాకా ఏడు సంపుటాల్లో ఆస్ట్రేలియా గ్రంథసూచి తయారుచేశాడు. ప్రతి పుస్తకానికి ఎన్ని పుటలు, ఎన్ని బొమ్మలు, ముఖపత్రం మీద ఏముందో అందులో ఉంటుంది. అమ్మకందారులందరూ ఆ సంఖ్యనే వాడతారు. మీ ఊళ్లోని స్టేట్ లైబ్రరీలో ఆ సంపుటాలు చూడవచ్చు. కొనబోయే పుస్తకాన్ని ఆ వివరాలతో ఆకు ఆకూ సరిచూసుకోండి. ముఖపత్రానికి ముందు పుస్తకం పేరు ఒక్కటే ఉండే ఆకు, చివర తప్పొప్పుల పట్టిక, బొమ్మలు, ఇవే ఎక్కువగా పోతుంటాయి.

తర్వాత కిటికీ దగ్గరకు వెళ్లండి. ఒక్కో ఆకును వెలుగుకు ఎదురుగా పట్టండి. పాత కాగితంలో తయారీదారు గుర్తు, 1794 తర్వాతి ఇంగ్లిష్ కాగితంలో చాలాసార్లు సంవత్సరం అంకెలు కూడా నీడలా కనిపిస్తాయి. ముఖపత్రం మీద 1795 ఉండి కాగితంలో 1804 కనిపిస్తే ఆ పుస్తకాన్ని కింద పెట్టేయండి. ఒకటి రెండేళ్లు ముందటి కాగితం ఉంటే తప్పులేదు. ముఖపత్రం ఒక్కటే మిగతా ఆకులకన్నా తెల్లగా, నున్నగా ఉంటే అనుమానించండి. పంతొమ్మిదో శతాబ్దంలో పోయిన ఆకును చేత్తో అచ్చుగుద్దినట్టు గీసి అతికించే నిపుణులు ఉండేవారు. వేలితో తడిమితే అసలు అచ్చులో అక్షరం కాగితంలోకి దిగి వెనకవైపు కాస్త ఉబ్బుతుంది, గీసినదానిలో ఆ ఉబ్బు ఉండదు. అట్ట సంగతీ అంతే. 1820ల దాకా పుస్తకాలు కాగితం అంటించిన మామూలు అట్టలతో అమ్మేవారు, కొన్నవాళ్లు తమకు నచ్చిన తోలు వేయించుకునేవారు. 1795 పుస్తకం గుడ్డ అట్టతో ఉంటే ఆ అట్ట తర్వాతిది. వెన్ను మార్చారా, కుట్టు కొత్తదా అన్నది దాచకుండా చెప్పే వ్యాపారికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పురాతన పుస్తక విక్రేతల సంఘం సభ్యుల దగ్గర రాతపూర్వకంగా వివరాలు తీసుకోండి. గ్రంథాలయం ముద్ర కనిపిస్తే, తొలగించిన ప్రతి అని ఆ గ్రంథాలయమే వేసిన ముద్ర కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే అది దొంగసొత్తు కావచ్చు. దొంగల ఆత్మకథ అయినా సరే, దొంగసొత్తు ఇంటికి తేకూడదు.

మీవారి మాటకు సమాధానం: పెట్టుబడిగా వద్దు. మీరు కొన్న ధరలో దుకాణందారు లాభం ఉంటుంది, తిరిగి అమ్మినప్పుడు మళ్లీ ఆయన కోతో వేలం సంస్థ కమిషనో పోతుంది. పిల్లల చదువుకు దాచిన డబ్బు, ఇంటి అప్పు డబ్బు ఇందులోకి రాకూడదు. పోయినా బాధపడని సొమ్ముతో, ఏడాదికి ఒకటి చొప్పున, మంచి ప్రతి కొనండి. పది చిరుగు ప్రతులకన్నా సంపూర్ణమైన ఒక్క ప్రతి మేలు. డేవిడ్ స్కాట్ మిచెల్ అనే సిడ్నీ మనిషి జీవితమంతా ఇలాంటివి కొని, 1907లో చనిపోతూ మొత్తం సేకరణను ప్రజలకు రాసిచ్చాడు. సిడ్నీలోని మిచెల్ లైబ్రరీ అలా వచ్చిందే. ఆయనకు కలిసివచ్చింది డబ్బు మాత్రమే కాదు. ఇతరులు ఖైదీల చరిత్రను మచ్చలా భావించి మరుగుపరుస్తున్న రోజుల్లో ఆ కాగితాలు పారేయకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు.

మన దేశం గురించి అడిగారు. ఉన్నాయి, కానీ తీరు వేరు. 1825 నుంచి 1873 దాకా భారతదేశం నుంచి, అందులో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూడా, ఖైదీలను సింగపూర్ పంపారు. అక్కడి సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టింది వాళ్లే. వాళ్ల గురించి 1899లో లండన్‌లో ఒక పెద్ద పుస్తకం వచ్చింది, రాసింది మాత్రం వాళ్లమీద అజమాయిషీ చేసిన అధికారి మెక్‌నేర్, బేలిస్ అనే మరొకరితో కలిసి. ఆ గోడలు ఎత్తిన మనిషి మాట అందులో వెతికినా దొరకదు. ఆ పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అండమాన్‌కు వచ్చేసరికి పరిస్థితి కొంత మారింది. 1858లో పోర్ట్ బ్లెయిర్ ఖైదీల స్థావరం మొదలైంది. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి నడిపిన మౌల్వీ అల్లాఉద్దీన్‌ను అక్కడికే పంపారు. బ్రిటిష్ ప్రభుత్వం మీద కుట్ర చేశారంటూ నడిపిన అంబాలా కేసులో శిక్షపడి అండమాన్ వెళ్లిన జాఫర్ థానేసరి తిరిగివచ్చి ఉర్దూలో తన కథ రాశారు. అక్కడ ఖైదీగా ఉన్న బెంగాలీ విప్లవకారుడు బారీంద్ర కుమార్ ఘోష్ పుస్తకం 1922లో పాండిచ్చేరిలో ఇంగ్లిష్‌లో, సావర్కర్ పుస్తకం 1927లో మరాఠీలో వచ్చాయి. చౌక కాగితం మీద అచ్చయినవి కావడంతో మంచి స్థితిలో తొలి ప్రతి దొరకడం చాలా కష్టం. తెనాలి వెళ్లినప్పుడు వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకసారి వెళ్లండి. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు దాచి ఉంచారు. అండమాన్ నుంచి, రాజమండ్రి, వెల్లూరు జైళ్ల నుంచి తిరిగివచ్చినవాళ్ల రాతలు పుస్తకంగా రాకపోయినా ఆ పత్రికల్లో ఉండే అవకాశం ఉంది. అవి వెతికి జాబితా చేసేవారు మనకు కావాలి. మీకు ఓపిక ఉంటే హోబార్ట్ పుస్తకాలకన్నా ఆ పని ముందు చేయమని వేడుకుంటాను.

ఇక వెంట తీసుకువెళ్లడం. ఆస్ట్రేలియాలో 1986 నాటి సాంస్కృతిక వారసత్వ సంపద రక్షణ చట్టం కింద కొన్ని రకాల పాత, విలువైన వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. హోబార్ట్, సిడ్నీలలో తొలినాళ్లలో అచ్చయిన అరుదైన పుస్తకాలకు అది వర్తించవచ్చు. కొన్న రసీదులన్నీ దాచి, ప్రయాణానికి చాలా ముందే సంబంధిత ప్రభుత్వ శాఖకు రాసి అడగండి. క్యాష్ పునర్ముద్రణలాంటి వాటితో ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా వాటినీ జాబితాలో పెట్టి అడగడం మంచిది. తెనాలి గాలిలో తేమ ఎక్కువ, చెదలు ఎక్కువ. పుస్తకాలను గోడకు ఆనించిన చెక్క అలమరాలో పెట్టకండి. ఆమ్లం లేని అట్టపెట్టెల్లో పెట్టి, ఇనప బీరువాలో నేలకు ఎత్తుగా ఉంచండి, వానాకాలంలో తేమ పీల్చే సిలికా పొట్లాలు మారుస్తుండండి, పొడిగా ఉన్న రోజుల్లో తలుపులు తీసి గాలి తగలనివ్వండి. వేపాకులు, కలరా ఉండలు పుటల మధ్య పెట్టవద్దు, మరకలు పడతాయి. చిరిగిన ఆకుకు సెల్లో టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. చిరుగును అలాగే వదిలి, కాగితాల మరమ్మతు తెలిసిన నిపుణుడికి చూపించండి.